బోరు నీళ్ల కుంటలో ఎండ్రకాయ పిల్లల్ని పెంచొచ్చా?

పాకాల మామిడి రైతు:

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. తోటలో రెండు కుంటలున్నాయి. ఒకటి ప్లాస్టిక్ షీటు పరిచింది, డ్రిప్పు కోసం బోరు నీళ్లు నింపుకుంటాం. ఇంకోటి మట్టి కుంట, వానలకు నిండితే ఫిబ్రవరి దాకా నీళ్లుంటాయి, ఆ తర్వాత బోరు వదిలితేనే. తోతాపురి ధర ఏ ఏడు ఎట్లుంటుందో చెప్పలేం కాబట్టి పక్కన ఇంకేదైనా చేద్దామని చూస్తున్నా. మా వైపు వానాకాలంలో ఎవరైనా ఎండ్రకాయలు పట్టుకొచ్చి రోడ్డు పక్కన పెడితే కాసేపట్లో అయిపోతాయి, అడిగేవాళ్లు ఎక్కువ, దొరికేవి తక్కువ. వరి మడులు తగ్గాయి, ఎండ్రకాయలూ తగ్గాయి.

ఫోన్‌లో చైనా వీడియోలు చాలా చూశాను. చెరువు చుట్టూ నున్నటి షీటుతో కంచె, నీళ్లలో నిండా గడ్డి, గోనెల్లో తెచ్చిన చిన్న పీత పిల్లల్ని వదులుతున్నారు, తర్వాత పెద్దవి పడుతున్నారు, అదంతా మంచినీళ్లలోనే. అది చూసినప్పటి నుంచి ఇదే ఆలోచన. ఈమధ్య ఒక వాట్సాప్ గ్రూపులో ఒకాయన పరిచయమయ్యాడు, "మంచినీటి పీత పిల్లలు ఇస్తాను, బోరు నీళ్లలో బతుకుతాయి, ఆరు నెలల్లో అరకిలో వస్తాయి, ముందు సగం డబ్బు కట్టండి" అంటున్నాడు. ఫొటోలు పంపాడు, నల్లగా, నున్నగా ఉన్నాయి, వెనక కాళ్లు తెడ్డులాగా చదునుగా ఉన్నాయి.

ఇవి నిజంగా మంచినీళ్లలో పెరుగుతాయా? మన మడుల్లో ఉండే ఎండ్రకాయకే పిల్లలు ఎక్కడైనా అమ్ముతారా? పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయంటారు, దానికి ఏం చేయాలి? కుంటలో ఇప్పటికే కొన్ని రోహు, కట్ల ఉన్నాయి, వాటితో కలిపి పెంచొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది, ఆయన రోజూ ఫోన్ చేస్తున్నాడు.

---

తిరుపతి జువాలజీ విద్యార్థి:

అన్నా, ముందు ఆ డబ్బు కట్టొద్దు. వెనక కాళ్లు తెడ్డులాగా ఉన్నాయని మీరే రాశారు, అది ఈదే పీత కాలు. మన మడుల్లో ఉండే ఎండ్రకాయకు అన్ని కాళ్లూ నడవడానికే, చివర సూదిగా ఉంటాయి. ఆయన పంపిన ఫొటోలోది మడ అడవుల పీత, అందరూ మడ్ క్రాబ్ అనేది. దానికి ఉప్పు నీళ్లు కావాలి.

మీ ప్రశ్నలో మూడు వేర్వేరు పీతలు కలిసిపోయాయి, విడదీసి చెప్తాను, ఎందుకంటే పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయన్నది ఒక్కోదానికి ఒక్కో రకం, పెంపకం అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మడ్ క్రాబ్ తల్లి గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోతుంది. ఒక్క తల్లికి లక్షల్లో గుడ్లు. అవి పొదిగాక వచ్చేది పీత ఆకారంలో ఉండదు, కంటికి సరిగా ఆననంత చిన్న జోయియా అనే పురుగు. అది ఐదు దశలు దాటి మెగలోపాగా మారి, ఆ తర్వాతే చిన్న పీత అవుతుంది. ఇదంతా సముద్రపు ఉప్పదనంలోనే జరగాలి. అందుకే దీనికి హ్యాచరీ కావాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంపెడా కింద పనిచేసే రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రానికి తమిళనాడులో శీర్గాళి దగ్గర తొడువాయిలో అలాంటి హ్యాచరీ ఉంది.

మీరు వీడియోల్లో చూసింది చైనా మిట్టెన్ క్రాబ్. డెక్కల మీద బూరులాగా వెంట్రుకలుంటాయి, గమనించే ఉంటారు. అది పెరిగేది మంచినీళ్లలోనే, కానీ గుడ్లు పెట్టడానికి నదుల్లో దిగువకు, సముద్రం కలిసే చోటికి పోతుంది. అక్కడివాళ్లు ఉప్పు నీళ్లలో మెగలోపా దాకా పెంచి, మెల్లగా మంచినీటికి అలవాటు చేసి, మొదటి ఏడాది చిన్న పిల్లలుగా, రెండో ఏడాది అమ్మే సైజుకు పెంచుతారు. మీరు గోనెల్లో చూసింది ఆ మొదటి ఏడాది పిల్లలు. అది మన దేశానిది కాదు, ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో ఉంది, ఇంగ్లండ్, జర్మనీ నదుల్లో గట్లు తొలిచి పారేస్తోంది. విదేశీ జలజీవుల్ని కేంద్రం అనుమతి లేకుండా తేవడానికి లేదు. ఎవరైనా దాని పిల్లలు ఇస్తామన్నా వద్దనండి.

ఇక మన ఎండ్రకాయ. తిరుపతి చుట్టుపక్కల మడుల్లో, కాలువల్లో ఎక్కువగా కనిపించేది ఓజియోటెల్ఫూసా సెనెక్స్ సెనెక్స్. ఎస్వీ యూనివర్సిటీలో దీని మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది, పెంకు విడవడాన్ని, గుడ్లు తయారవడాన్ని ఏ హార్మోన్లు నడిపిస్తాయి, కంటి కాడలో ఏముంది అన్న విషయాల్లో మన తిరుపతి మడుల ఎండ్రకాయ పేరు విదేశీ పత్రికల్లో కూడా కనిపిస్తుంది. దీనికి జోయియా లేదు, మెగలోపా లేదు. ఆ దశలన్నీ గుడ్డులోనే అయిపోయి, పగిలినప్పుడు బయటికొచ్చేది పూర్తి ఎండ్రకాయ పిల్లే. తల్లి దాన్ని పొట్ట కింద మడతలో కొన్నాళ్లు మోసి వదులుతుంది. కాబట్టి ఉప్పు నీళ్లు అక్కర్లేదు, హ్యాచరీ అక్కర్లేదు, మీ కుంటే హ్యాచరీ. ఇబ్బంది ఎక్కడంటే ఒక తల్లికి లక్షల్లో కాదు, వందల్లోనే పిల్లలు. దాని పిల్లల్ని అమ్మే హ్యాచరీ నాకు తెలిసి ఎక్కడా లేదు. పైగా పెద్దదైనా 30, 40 గ్రాములే. అరకిలో అన్న మాట మన జాతికి వర్తించదు.

---

సూళ్ళూరుపేట రొయ్యల రైతు:

తమ్ముడు చెప్పింది కరెక్టు. మేము పులికాట్ వైపు మడ్ క్రాబ్ చూసినవాళ్లం, అందుకే చెప్తున్నా. 10 నుంచి 25 పీపీటీ ఉప్పదనం, అంటే లీటరుకు సుమారు అన్ని గ్రాముల ఉప్పు ఉన్న నీళ్లలో అది హాయిగా ఉంటుంది. వానలకు ఉప్పదనం పడిపోయినా కొన్నాళ్లు తట్టుకుంటుంది, ఆ తట్టుకోవడాన్నే చూపించి కొందరు దళారులు మంచినీటి పీత అని అమ్ముతున్నారు. బోరు నీళ్లలో వేస్తే మొదటి వారం బాగానే కనిపిస్తుంది. పెంకు విడిచే టైంకి అసలు సంగతి తెలుస్తుంది, అప్పుడు ఒక్కొక్కటే పోతాయి. అమ్మినవాడు అప్పటికి ఫోన్ ఎత్తడు.

ఇంకో విషయం, ఇది మా రొయ్యల రైతుల బాధ. పీతలు రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్‌ని మోస్తాయి, వాటికి పైకి ఏమీ కనిపించదు. మా చెరువుల చుట్టూ పీతలు దూరకుండా వల కంచె కట్టుకునేది అందుకే. ఉప్పు నీటి పీతల్ని తెచ్చి లోపలి ఊళ్లలో కుంటల్లో వేయడం, మళ్లీ ఆ నీళ్లు కాలువల్లోకి వదలడం ఎవరికీ మంచిది కాదు. మీ దగ్గర రొయ్యలు లేవు అనుకోవచ్చు, కానీ స్వర్ణముఖి నీళ్లు చివరికి వచ్చేది మా వైపేగా అన్నా.

కంచె గురించి అడిగితే ఒక్కటి చెప్తా. రెండడుగుల ఎత్తు నున్నటి షీటు, అడుగు భాగం మట్టిలో ఒక అడుగు పూడ్చాలి, పైభాగం లోపలికి వంగి ఉండాలి. మూలలు మాత్రం కోణంగా పెట్టొద్దు, గుండ్రంగా తిప్పండి. మూల దొరికితే రెండు పక్కలా కాళ్లు ఆనించి ఎక్కేస్తాయి.

---

పాకాల మామిడి రైతు:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఆయనకి వద్దని చెప్పేశాను, ఇంకా మెసేజీలు పెడుతున్నాడు, బ్లాక్ చేశా. అయితే మన ఎండ్రకాయనే పెంచుదామనుకుంటున్నా. పెద్ద లాభం రాకపోయినా ఫర్వాలేదు, ఇంటికీ, ఊర్లో అడిగేవాళ్లకీ సరిపోతే చాలు, నడిస్తే తర్వాత చూస్తా. షీటు కుంటలో వేయనా, మట్టి కుంటలో వేయనా? పిల్లల్ని మొదట ఎక్కడ ఉంచాలి?

---

కార్వేటినగరం అక్క:

తమ్ముడూ, నేను ఇంటి వెనక సిమెంటు తొట్టిలో, తర్వాత చిన్న మట్టి గుంటలో ఎండ్రకాయల్ని పెంచుతున్నా. వ్యాపారం కాదు, ఇంట్లోకే. చదువుకున్నవాళ్లు పేర్లు చెప్పారు, నేను రోజూ చూసేది చెప్తా.

వానలు పడి మళ్లు తడిశాక పొట్ట నిండా గుడ్లున్న ఆడవి కనిపిస్తాయి. తిప్పి చూస్తే తెలుస్తుంది, మగదానికి పొట్ట మీది మడత సన్నగా ఉంటుంది, ఆడదానికి వెడల్పుగా, గుండ్రంగా పొట్టంతా కప్పి ఉంటుంది. ఆ మడత కింద గుడ్లు గానీ పిల్లలు గానీ ఉన్నవాటిని రెండో మూడో తెచ్చుకోండి, అంతకంటే వద్దు. కనపడిన తల్లినల్లా ఎత్తుకొస్తే వచ్చే ఏడు మీ మడిలో ఎండ్రకాయ ఉండదు. పిల్లలు దిగాక తల్లిని పట్టిన చోటే వదిలేయండి, నేను అట్లే చేస్తా. తొట్టిలో ఉంచితే ఎట్లాగూ కొన్ని పిల్లల్ని అదే తినేస్తుంది.

తల్లిని పెట్టే తొట్టిలో నీళ్లు జానెడు కంటే తక్కువ చాలు. ఒక పక్క మట్టి, రాళ్లు పోసి నీళ్లపైకి వచ్చేటట్టు ఏటవాలుగా చేయండి. ఎండ్రకాయకు తడి నేల కావాలి, ఎప్పుడూ నీళ్లలోనే ఉండదు, గాలి కూడా పీల్చుకుంటుంది, ఎక్కే చోటు లేకుండా లోతు నీళ్లలో వేస్తే నీరసపడిపోతుంది. పిల్లలు దిగినప్పుడు ఆవగింజ కంటే కాస్త పెద్దవి, లేత రంగులో, మట్టిలో కలిసిపోయి కనపడవు. అప్పటి నుంచి మీ పనంతా దాక్కునే చోట్లు కల్పించడమే.

ఎందుకంటే ఎండ్రకాయ పెరగాలంటే పెంకు విడవాలి. పెద్దవి ఎప్పుడో ఒకసారి విడుస్తాయి, పిల్లలు మాత్రం మాటిమాటికీ విడుస్తాయి. విడిచిన రోజు ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, డెక్కకు బలం ఉండదు, పారిపోలేదు. పక్కనున్నది అప్పుడే పట్టి తింటుంది. ఆకలి ఉన్నా తింటుంది, లేకున్నా తింటుంది, మేత ఎక్కువేస్తే ఆగుతుందని కొందరంటారు గానీ కొంతవరకే. ఆపేది దూరం, చాటు. నేను పాత ఇంటి పెంకులు ఒకదాని మీద ఒకటి వాల్చి పెడతా, తెగిన పైపు ముక్కలు వేస్తా, కొబ్బరి పీచు కుచ్చులుగా కట్టి వేస్తా, కాలువలో నాచుగడ్డి తెచ్చి నాటుతా. పిల్లల కంటే దాక్కునే బొక్కలు ఎక్కువ ఉండాలి. ఇంకొకటి, సైజు. ఒకే తల్లి పిల్లలైనా నెల తిరిగేసరికి కొన్ని పెద్దవైపోతాయి, వాటిని ఏరి వేరే చోట వేయకపోతే చిన్నవి మిగలవు.

విడిచిన పెంకుని తీసి పారేయొద్దు, చచ్చిన ఎండ్రకాయ అనుకుని చాలామంది తీసేస్తారు. అది తిరిగి తినేది దాన్నే, అందులోని సున్నమే కొత్త పెంకుకు పోతుంది. కాలు ఊడినవి కూడా పారేయొద్దు, ఒకటి రెండు సార్లు పెంకు విడిచేసరికి మళ్లీ కాలు వస్తుంది.

మేత సాయంత్రం పొద్దు గుంకాక వేయండి, పగలు బయటికి రావు. నత్తల్ని చితక్కొట్టి వేస్తా, చేపల అంగడిలో పారేసే ముక్కలు, ఉడికిన అన్నం, తవుడు, కొంచెం చెనక్కాయ చెక్క, కుళ్లిన ఆకు కూడా తింటాయి. ఒక పాత పళ్లెంలో పెట్టండి, తెల్లారి చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది, మిగిలితే రేపు తగ్గించండి. అడుగున కుళ్లిందంటే నీళ్లు వాసన వచ్చి పిల్లలన్నీ గోడ మీదికి ఎక్కుతాయి, అప్పుడు సగం నీళ్లు మార్చండి.

ఇంత చేసినా దిగిన పిల్లలన్నీ పెద్దవి అవుతాయని అనుకోవద్దు. సగం కంటే తక్కువే మిగులుతాయని ముందే మనసులో పెట్టుకోండి.

---

తిరుపతి జువాలజీ విద్యార్థి:

అక్క రాసినదానికి మించి నేను చెప్పేది కొంచెమే, నీళ్ల గురించి. పెంకు విడిచే ముందు ఎండ్రకాయ పాత పెంకులోంచి కొంత సున్నం లోపలికి తీసుకుంటుంది, విడిచాక నీళ్లు పీల్చి ఒళ్లు ఉబ్బించుకుంటుంది, తర్వాత నీళ్లలోంచీ మేతలోంచీ సున్నం తీసుకుని గట్టిపడుతుంది. నీళ్లలో సున్నం లేకపోతే మెత్తగా ఉండే కాలం పెరుగుతుంది, తినేసే కాలం కూడా అంతే పెరుగుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగానే ఉంటాయి, ఇక్కడ అది మనకు మేలు. వాన నీళ్ల కుంటలో మాత్రం వ్యవసాయ సున్నం కొంచెం వేయాలి. ఒకసారి నీళ్లు సీసాలో పట్టి పరీక్ష చేయించండి. ఉదజని సూచిక (పీహెచ్) 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే చాలు. బోరులోంచి నేరుగా వదలొద్దు, లోతు బోరు నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువ, పైనుంచి పారేటట్టు వదిలి ఒక రోజు నిలవనివ్వండి.

షీటు కుంట వద్దన్నా. గోడ నున్నగా ఉంటుంది, తవ్వుకోవడానికి మట్టి ఉండదు, వేసవిలో నీళ్లు వేడెక్కిపోతాయి. పైగా అది మీ డ్రిప్పు నీళ్లు. మట్టి కుంట మంచిదే కానీ గట్టులో బొరియలు తవ్వుతాయి, గట్టు సన్నగా ఉంటే నీళ్లు కారతాయి. కంచెని గట్టు లోపలి వైపు, నీళ్లకు దగ్గరగా వేస్తే గట్టు మిగులుతుంది.

అన్నిటికంటే నాకు భయం వేసేది మీ మామిడి తోట. పూత టైంలో తేనెమంచు పురుగుకు కొట్టే మందుల్లో లాంబ్డా సైహలోత్రిన్ లాంటివి ఉంటాయి కదా. చేపకే విషం, రొయ్యకూ ఎండ్రకాయకూ ఇంకా ఎక్కువ, పురుగులకీ వీటికీ ఒంటి నిర్మాణం దగ్గరి చుట్టరికం కాబట్టి పురుగును చంపేది వీటినీ చంపుతుంది. గాలికి తుంపర వచ్చి పడినా చాలు. కైటిన్ తయారుకాకుండా ఆపే మందులైతే పెంకు విడిచేటప్పుడే చంపేస్తాయి, అప్పటిదాకా ఏమీ తెలియదు. వరి మడుల్లో ఎండ్రకాయలు తగ్గడానికి గుళికల మందు కూడా ఒక కారణం. కుంట తోట మధ్యలో ఉంటే పెంపకం మొదలుపెట్టకముందే దీనికి దారి చూసుకోండి. స్ప్రేయరు కడిగిన నీళ్లు కూడా అటు పోకూడదు.

---

పీలేరు చేపల పెంపకందారు:

చేపల సంగతి ఎవరూ చెప్పలేదు. రోహు, కట్ల పెద్ద ఎండ్రకాయని ఏమీ చేయవు, కానీ ఆవగింజ సైజు పిల్లలకు గ్యారంటీ లేదు. జిలేబీ చేప ఉంటే అస్సలు వద్దు, కొర్రమీను ఒక్కటున్నా పిల్లలన్నీ దానికే మేత. కుంట ఎండగట్టి, అడుగు ఆరబెట్టి, సున్నం చల్లి మొదలుపెట్టడం మంచిది. కొంగలకు పైన వల వేయండి. నీరుకట్టె పాము, కప్పలు కూడా పిల్లల్ని తింటాయి. లేదంటే మొదటి రెండు మూడు నెలలు కుంటలోనే సన్న వల హాపా (నీళ్లలో కట్టే సంచిలాంటి వల) కట్టి, అందులో అక్క చెప్పినట్టు పీచు, పెంకులు వేసి పెంచి, రూపాయి బిళ్లంత అయ్యాక బయటికి వదలండి. హాపా పైభాగం మూసి కట్టాలి, వల పట్టుకుని సులువుగా ఎక్కుతాయి.

ఇంకొక మాట. మనవైపు జలుబు చేస్తే పచ్చి ఎండ్రకాయల్ని రోట్లో దంచి, పిండి, ఆ నీళ్లతో మిరియాల రసం పెడతారు. బాగా మరిగితే ఏ ఇబ్బందీ లేదు. అయితే మంచినీటి ఎండ్రకాయల్లో ఊపిరితిత్తులకు పట్టే ఒక రకం పురుగు పిల్లదశలో ఉండొచ్చు, మణిపూర్, నాగాలాండ్ వైపు సరిగా ఉడకనివి తిన్నవాళ్లకు ఆ జబ్బు వచ్చి, దగ్గుతో రక్తం పడితే టీబీ అనుకుని మందులు వాడిన కేసులున్నాయి. కాబట్టి దంచిన రోలు, చేతులు, గుడ్డ వేడినీళ్లతో కడగండి, రసం పైపైన కాచి దించొద్దు. ఇంట్లో చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. అమ్మేటప్పుడు కొనేవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.

---

పాకాల మామిడి రైతు:

అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు నిజంగా సంతోషంగా ఉంది. మట్టి కుంట తోటకు పై వైపున ఉంది, పడమటి గట్టు మీద మాత్రం మామిడి వరస ఒకటుంది, ఆ వరసకు ఈసారి మందు కొట్టకుండా వదిలేస్తాను, కాపు పోయినా సరే. ముందు తొట్టి, తర్వాత హాపా, ఆ తర్వాతే కుంట. అక్కా, ఒక్క డౌటు, తొట్టిలో ఎండ పడాలా, నీడ ఉండాలా?

---

కార్వేటినగరం అక్క:

పొద్దున ఎండ కాసేపు పడితే నాచు పెరుగుతుంది, పిల్లలు అది గీరుకుని తింటాయి. మధ్యాహ్నం ఎండ పడనీయొద్దు, కొబ్బరి మట్టలు అడ్డం పెట్టండి. తల్లిని పట్టుకొచ్చేటప్పుడు తడి గోనెలో తెండి, బిందెలో నిండా నీళ్లు పోసి తేవద్దు, దారిలో ఊపిరాడక పోతుంది. పిల్లలు దిగాక ఇక్కడే రాయండి, ఏం వేయాలో చెప్తా.